గారపండ్ల మీద కొత్త అతుకు

పంటిలో పడిన గుంతను పూడ్చడానికి వైద్యుడు వాడే పదార్థం ఏదైనా సరే, అనంతపురం ప్రాంతపు వాడుకలో దాని పేరు సిమెంటే. పాదరసం కలిసిన వెండి రంగు అమాల్గమ్ అయినా, పంటి రంగులో కలిసిపోయే కాంపోజిట్ అయినా, పండ్ల డాక్టరు దగ్గర సిమెంటు పెట్టించుకున్నాడన్న ఒక్క మాటతో సరిపోతుంది. ఆ మాట వినేవారి చూపును పదార్థం మీదికే మళ్ళిస్తుంది కాబట్టి, మంచి సిమెంటు పెడితే నిలుస్తుందని, నాసిరకం పెడితే ఊడుతుందని నమ్మకం స్థిరపడిపోయింది. ఊడిన ప్రతిసారీ నింద సిమెంటు మీదికో డాక్టరు మీదికో పోతుంది గాని, ఆ సిమెంటు ఎలాంటి ఉపరితలం మీద కూర్చుందో, కూర్చోబెట్టే ముందు ఆ ఉపరితలానికి ఏం చేశారో అడిగేవారు అరుదు. అదే మాట తాపీమేస్త్రీ చెవిన పడితే అర్థం వేరుగా ఉంటుంది. పాతగోడకు కొత్త పూత వేయవలసి వచ్చినప్పుడు మేస్త్రీ మొదట గోడకు ఉలితో గాట్లు పెట్టి, రాలే సున్నాన్ని గీకేసి, దుమ్ము దులిపి, నీళ్ళతో తడిపి, ఆ తర్వాతే తాపీ చేతబడతాడు. ఇవేవీ చేయకుండా పూసిన పూత ఎండాకాలం రాగానే గుల్లబారి పెచ్చులుగా లేస్తుందని అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు. పంటి మీద పాత కాంపోజిట్‌కు కొత్త కాంపోజిట్ అతికించే పనిలో ఉన్న శాస్త్రమంతా చాలావరకు ఆ మేస్త్రీ ఎరిగినదే, కాకపోతే అది మైక్రాన్ల కొలతలో, అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు కొలతలో జరుగుతుంది.

కాంపోజిట్ అంటే రెండు వేర్వేరు స్వభావాల పదార్థాలను కలిపి చేసిన ముద్ద. అందులో ఒకటి రెజిన్, అంటే చిన్నచిన్న అణువులు గొలుసుకట్టుగా కలిసి గట్టిపడే జిగురు పదార్థం. రెండోది ఆ జిగురులో కలిపిన అతి సన్నని గాజు లేదా సిలికా రేణువులు. రెజిన్ గాజును గట్టిగా అంటిపెట్టుకోలేదు కాబట్టి, రేణువులకు ముందుగానే సిలేన్ అనే రసాయనపు పూత వేస్తారు. సిలేన్ అణువుకు రెండు చేతులున్నాయనుకుంటే, ఒక చేయి గాజును, మరొక చేయి రెజిన్‌ను పట్టుకుంటుంది. అమెరికాలో నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ సంస్థలో పనిచేసిన రఫేల్ బోవెన్ 1962లో పేటెంటు పొందిన బిస్-జీఎంఏ అనే రెజినే నేటికీ ఎన్నో కాంపోజిట్లకు మూలద్రవ్యం. ఈ ముద్ద మీద నీలి కాంతిని ఇరవై సెకన్ల పాటు ప్రసరింపజేస్తే అణువుల గొలుసుకట్టు మొదలై అది రాయిలా గట్టిపడుతుంది. అలా గట్టిపడేటప్పుడు దాని పరిమాణం నూటికి రెండు మూడు పాళ్ళు తగ్గుతుంది. ఆ లాగుడుకు పూత అంచు పంటిని విడిచిపోకుండా నిలబెట్టేది, రెండింటి మధ్య పలుచగా పూసే బాండింగ్ ద్రవమూ, అది పట్టుకోవడానికి అనువుగా తయారుచేసిన ఉపరితలమూ మాత్రమే.

అసలు పంటిని అలా తయారుచేయవచ్చునన్న ఆలోచన దంతవైద్యులకు కర్మాగారాల నుంచి వచ్చింది. లోహపు రేకులకు రంగు బాగా పట్టడానికి ముందుగా ఫాస్ఫారిక్ ఆమ్లంతో తుడిచే పద్ధతిని గమనించిన మైకేల్ బ్యూనకోర్ అనే శాస్త్రజ్ఞుడు, న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో, 85 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని పంటి మీద 30 సెకన్లు ఉంచి కడిగితే రెజిన్ ఎన్నో రెట్లు గట్టిగా అంటుకుంటుందని 1955లో ప్రకటించాడు. పంటి పైపొర అయిన ఎనామిల్ బరువులో నూటికి 96 పాళ్ళు ఖనిజమే; ఆ ఖనిజం సుమారు అయిదు మైక్రాన్ల మందం గల సన్నని కడ్డీల కట్టలుగా పేర్చి ఉంటుంది. ఆమ్లం కడ్డీల నడుములను ఒక వేగంతో, వాటి అంచులను మరొక వేగంతో కరిగిస్తుంది కాబట్టి నునుపైన పన్ను సూక్ష్మదర్శిని కింద తేనెపట్టు గదులను పోలిన రూపం దాలుస్తుంది. ఆ గదుల్లోకి పలుచని రెజిన్ ఇంకి, గట్టిపడి, వేళ్ళు దిగిన మొక్కలా నిలుస్తుంది. నేడు వాడుతున్నది 37 శాతం ఆమ్లపు జెల్. ఉంచే సమయం 15 నుంచి 30 సెకన్లు. కడిగి ఆరబెట్టిన తర్వాత ఎనామిల్ తన మెరుపు పోగొట్టుకొని, సున్నం కొట్టినట్టు పాలిపోయిన తెలుపు రంగులో కనిపించాలి. ఆ తెలుపు కనిపించిందంటే ఉపరితలం సిద్ధమైందని వైద్యుని కంటికి అందే గుర్తు. ఎనామిల్ కింద ఉండే డెంటిన్‌లో నీరూ కొల్లాజెన్ అనే మాంసకృత్తు నారా ఎక్కువ కాబట్టి దాని కథ వేరు. అక్కడ రెజిన్ ఆ నారల మధ్యకు ఇంకి ఒక మిశ్రమ పొరను ఏర్పరుస్తుందని జపాన్ శాస్త్రజ్ఞుడు నొబువో నకబాయాషి 1982లో చూపించాడు.

పాఠ్యపుస్తకాలు చెప్పే ఈ 15, 30 సెకన్ల లెక్క మామూలు పంటికి సంబంధించినది. అనంతపురం పీఠభూమిలో దంతవైద్యుని కుర్చీలో కూర్చునే మనిషి పన్ను చాలాసార్లు ఆ మామూలు పన్ను కాదు. నైరుతి ఋతుపవనాలను పడమటి కనుమలు అడ్డగించగా, ఈశాన్య ఋతుపవనాలకు తూర్పు తీరం దూరమైపోగా, ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే ఈ నేలలో తాగునీటికి పాతాళమే గతి అయింది. బావులు ఎండి బోర్లు వచ్చాయి. బోర్లు లోతుకు పోయేకొద్దీ నీరు గ్రానైటు, నైస్ శిలల పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచి, ఆ శిలల్లోని ఫ్లోరైటు, ఎపటైటు, నల్ల అభ్రకం వంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడును తనలోకి లాక్కుంటుంది. సోడియం, బైకార్బనేటు ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉన్న నీటిలో ఈ కరుగుదల మరింత సాగుతుంది, ఎందుకంటే ఫ్లోరైడును పట్టి కిందికి దించేది కాల్షియమే. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు ఒప్పుకుంటారు. ఆ హద్దు దాటిన బోర్లు ఈ ప్రాంతంలో అనేక మండలాల్లో ఉన్నాయి.

అలాంటి ఫ్లోరైడు నీటివల్ల పండ్లకూ ఎముకలకూ వచ్చే ఫ్లోరోసిస్ అనే వ్యాధి చరిత్రలో తెలుగునేలకు పాతకాలపు చోటే ఉంది. అమెరికాలోని కొలరాడోలో 1901లో వృత్తి ప్రారంభించిన ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు అక్కడివారి పండ్లమీది గోధుమరంగు మచ్చలకు కారణం వెదుకుతూ మూడు దశాబ్దాలు గడిపితే, 1931లో గాని తాగునీటిలోని ఫ్లోరైడు కారణమని తేలలేదు. ఆ తర్వాత ఆరేళ్ళకే, 1937లో, షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు పరిశోధకులు అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు నీటివల్ల ఎముకలు బిగుసుకుపోయిన మనుషులను పరీక్షించి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో వివరంగా రాశారు. తర్వాత ప్రకాశం జిల్లాలోకి వెళ్ళిన దర్శి, పొదిలి ప్రాంతాలకు ఆ అపకీర్తి అప్పటిదే. తరువాతి కాలంలో నల్లగొండ పేరు ఈ వ్యాధికే కాక, పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి కూడా స్థిరపడింది. అనంతపురం పేరు ఈ వరుసలో అంతగా వినిపించదు, బహుశా ఇక్కడి కరువు మిగిలిన కష్టాలన్నిటినీ తన నీడలో దాచేసినందువల్ల. పండ్లమీది మచ్చలను ఈ సీమవారు గార అంటారు, అలాంటి పండ్లను గారపండ్లు అంటారు. నిజానికి గార అంటే పైన పేరుకున్న మురికి; ఫ్లోరైడు మచ్చ పైన పేరుకున్నది కాదు, పన్ను లోలోపల తయారయ్యేటప్పుడే పడినది. ఆ తేడా తెలియక ఇటుకపొడితోనూ బూడిదతోనూ ఏళ్ళ తరబడి రుద్ది, మచ్చ పోగొట్టుకోలేక ఎనామిల్‌ను పోగొట్టుకున్నవారు ఊరూరా కనిపిస్తారు.

ఫ్లోరోసిస్ సోకిన ఎనామిల్ విచిత్రమైన నిర్మాణం. అన్నిటికన్నా పైన ఉండే పలుచని పొరలో ఫ్లోరైడు అధికంగా చేరి, ఖనిజం మామూలుకన్నా దట్టంగా ఉండి, ఆమ్లానికి తేలికగా లొంగదు; దాని కింద ఉండే పొరలో మాత్రం ఖనిజం తక్కువై సందులు ఎక్కువై ఉంటాయి. అంటే పైన గట్టి పెంకు, లోపల గుల్ల. పుస్తకం చెప్పినట్టు 15 సెకన్లు ఆమ్లం ఉంచితే పెంకు చెక్కుచెదరదు. తేనెపట్టు గదులు అక్కడక్కడ మాత్రమే ఏర్పడి, మిగిలిన చోట నునుపు అలాగే ఉండిపోతుంది. అందుచేత ఓ మోస్తరు ఫ్లోరోసిస్ ఉన్న పంటికి రెండు పనులు చేయవలసి వస్తుంది: పైపెంకును వజ్రపు పొడి పొదిగిన సన్నని బర్‌తో కాస్త గీరడమో, గాలిలో కలిపిన అల్యూమినా ధూళితో కొట్టడమో మొదటిది కాగా, ఆమ్లం ఉంచే సమయాన్ని 30 నుంచి 60 సెకన్ల వరకు పెంచడం రెండోది. ఆమ్లపు జెల్‌తో పనిలేకుండా తామే ఎనామిల్‌ను మెల్లగా కొరికే సెల్ఫ్-ఎచ్ బాండింగ్ ద్రవాలు ఈమధ్య ఎక్కువగా వాడుకలోకి వచ్చాయి గాని, వాటిలోని ఆమ్లం మృదువైనది కాబట్టి ఫ్లోరైడు పెంకు మీద అవి ఒంటరిగా నెగ్గుకురాలేవు. ఎనామిల్ అంచు వరకు మాత్రం విడిగా ఫాస్ఫారిక్ ఆమ్లం పెట్టుకోవడం మంచిది. వ్యాధి తీవ్రమై పన్ను గుంటలుపడి పెచ్చులూడిన దశలో లెక్క తిరగబడుతుంది. అక్కడ పైపెంకు ముందే రాలిపోయి గుల్ల బయటపడి ఉంటుంది కాబట్టి ఆమ్లాన్ని ఎక్కువసేపు ఉంచితే ఉన్న కాస్త బలమూ పోతుంది. గట్టి భాగం తగిలేదాకా గుల్లను తీసివేసి, ఆ తర్వాతే ఆమ్లం పెట్టాలి. డీన్ అనే అమెరికా దంతవైద్యుడు 1930లలో రూపొందించిన తీవ్రతా సూచిక, 1978లో తిల్‌స్ట్రుప్, ఫెయెర్‌స్కోవ్ అనే ఇద్దరు ప్రతిపాదించిన సున్నా నుంచి తొమ్మిది దాకా సాగే మరొక సూచిక సర్వేల లెక్కల కోసం పుట్టినవే అయినా, ఆమ్లం ఎంతసేపు ఉంచాలో నిర్ణయించే ఈ పనిలో వాటికి సర్వేకు మించిన ప్రయోజనం ఉంది. ప్రయోగశాలల్లో ఫ్లోరోసిస్ పంటి అతుకుబలాన్ని కొలిచినవారందరూ ఒక్క మాట మీద లేరు. కొందరికి బలం తగ్గినట్టు, కొందరికి గీరిన తర్వాత తేడా లేనట్టు కనబడింది. ఆ తేడాలకు పెద్ద కారణం, పరీక్షకు తీసుకున్న పండ్ల తీవ్రత ఒకే రకంగా లేకపోవడమే.

గారపండ్లున్న యువతీయువకులు పెళ్ళిళ్ళ ముందో, ఉద్యోగాల ముందో ముందు పండ్లకు కాంపోజిట్ పూత వేయించుకుంటారు. పింగాణీ రేకులకంటే అది చవక, ఒక్క పూటలో అయిపోయే పని. ఆ పూత కొన్నేళ్ళకు వేరుశెనగకాయ పంటితో చిట్లించినప్పుడో చెరకు నమిలినప్పుడో మూలన పెచ్చు లేస్తుంది, లేదా అంచు వెంట టీ మరక గీతలా ఎక్కుతుంది. అప్పుడు ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న. పాత పూతనంతా తీసేసి కొత్తగా వేయడం ఒక దారి. దెబ్బతిన్న మేరకే సరిచేయడం మరొక దారి. రోగులు సాధారణంగా మొదటిదాన్నే కోరుకుంటారు, అతుకు అనే మాటలో పేదరికం ధ్వనిస్తుంది కాబట్టి. కాని పంటి రంగులో ఉన్న పాత కాంపోజిట్‌ను తీసేటప్పుడు అది ఎక్కడ ముగిసి పన్ను ఎక్కడ మొదలైందో కంటికి స్పష్టంగా తెలియదు. ప్రతిసారీ కొంత మంచి ఎనామిల్ కూడా బర్‌కు బలి అవుతుంది, గుంత పెద్దదవుతుంది, తరువాతి పూత మరింత పెద్దదవుతుంది, చివరికి పంటికి రూట్ కెనాలో క్యాపో తప్పదు. ఈ చక్రాన్ని నెమ్మదింపజేయాలనే ఉద్దేశంతోనే ప్రపంచ దంతవైద్య సమాఖ్య 2002లో ప్రకటించిన కనీస జోక్యపు విధానంలో, లోపం ఏర్పడిన పూతను తీసివేయడానికి బదులు మరమ్మతు చేయడం ఒక ముఖ్య సూత్రంగా చేరింది. పైపెంకు ఇప్పటికే పలుచబడి, లోపల గుల్లగా ఉన్న అనంతపురపు పంటికి ఈ సూత్రం ఎక్కువగా వర్తిస్తుంది.

ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, కొత్త కాంపోజిట్ పాత కాంపోజిట్‌ను తనదిగా గుర్తించదు. మొదటిరోజు పూతను రెండేసి మిల్లీమీటర్ల పొరలుగా వేసేటప్పుడు ఈ సమస్య లేదు. గాలిలోని ఆక్సిజన్ అణువుల గొలుసుకట్టును అడ్డగించడం వల్ల ప్రతి పొర పైభాగాన కొన్ని మైక్రాన్ల మందాన జిగటగా, పూర్తిగా గట్టిపడని రెజిన్ మిగిలి ఉంటుంది; తరువాతి పొర దానితో కలిసి గట్టిపడి రెండూ ఒక్కటైపోతాయి. చివరి పొరను రుద్ది మెరుగుపెట్టినప్పుడు ఆ జిగట పోతుంది. తర్వాతి వారాల్లో లోపల మిగిలిన కలవని అణువులు కూడా చాలావరకు కలిసిపోతాయి లేదా లాలాజలంలోకి కారిపోతాయి, అంటే కొత్త రెజిన్ చేయి చాచినా పట్టుకోవడానికి అవతలివైపు చేతులు మిగలవు. దీనికి తోడు ఏళ్ళ తరబడి నోటి తడి రెజిన్‌లోకి ఇంకి, గాజు రేణువులను పట్టి ఉంచిన సిలేన్ బంధాలను కొంతవరకు కొరికేస్తుంది. టీ, వక్కాకు, పొగాకు మరకలు, నోటి సూక్ష్మజీవుల పలుచని తెర పైన పరచుకుంటాయి. అలాంటి ఉపరితలం మీద ఏమీ చేయకుండా కొత్త ముద్ద పెట్టి లైటు వేస్తే అది గట్టిపడుతుంది, చూడడానికి అందంగా ఉంటుంది, నాలుగు రోజులకు అన్నంతోపాటు నోట్లోకి వస్తుంది.

సైకిలు పంక్చరు వేసేవాని పనితీరు చూసినవారికి ఈ మరమ్మతు క్రమం కొత్తగా ఉండదు. అతను ట్యూబు మీద చిల్లి కనుక్కున్న వెంటనే ప్యాచీ అంటించడు. ఆకురాయితో చుట్టూ గరుకెక్కేదాకా రుద్దుతాడు, రబ్బరు పొడిని తుడుస్తాడు, సొల్యూషన్ పూసి దాని తడి ఆరేదాకా చేతులు కట్టుకొని కూర్చుంటాడు, ఆపైనే ప్యాచీ పెట్టి నొక్కుతాడు. తొందరపడి తడి మీదే ప్యాచీ వేసినవాడి సైకిలు మళ్ళీ అదే అంగడి ముందుకు వస్తుంది. పంటి దగ్గర రుద్దే పని వజ్రపు బర్‌ది. అది పాత కాంపోజిట్ పైపొరను, దానితో పాటు మరకను, తడికి మెత్తబడిన రెజిన్‌ను తీసివేసి లోపలి కొత్త ముఖాన్ని బయటపెడుతుంది, కంటికి కనబడే గాట్లు కూడా పెడుతుంది. అంతకన్నా సూక్ష్మమైన గరుకుదనం కోసం సుమారు 50 మైక్రాన్ల అల్యూమినా రేణువులను గాలి ఒత్తిడితో కొన్ని సెకన్లు చిమ్మే చిన్న పరికరం ఉంది. ఆ పద్ధతికే మరో రూపంగా సిలికా పూసిన 30 మైక్రాన్ల రేణువులను చిమ్మితే, తగిలిన దెబ్బకు కొంత సిలికా ఉపరితలంలో అతుక్కుపోయి, సిలేన్ పట్టుకోవడానికి కొత్తగా గాజులాంటి ముఖం ఏర్పడుతుంది. ఇన్ని పద్ధతుల్లో ఏది మేలన్న దానిమీద ప్రయోగశాల పరీక్షలు అనేకం జరిగాయి; వాటిలో తరచుగా తేలేది, ఏ రకంగానైనా గరుకు చేయడం, ఏమీ చేయకపోవడం, ఈ రెండింటి మధ్య ఉన్న దూరమే అన్నిటికంటే పెద్దదని. పరికరం లేని చిన్న ఊరి డాక్టరు కూడా బర్‌ను శ్రద్ధగా తిప్పితే సగం దూరం దాటినట్టే.

ఇక్కడ ఒక అపోహ ఉంది. ఎనామిల్ మీద అద్భుతం చేసే ఫాస్ఫారిక్ ఆమ్లం పాత కాంపోజిట్ మీద దాదాపు ఏమీ చేయదు. బర్ తిప్పినప్పుడు మిగిలిన పొడిని, జిడ్డును కడుగుతుంది, అంతే. ఆమ్లం పెట్టాను గనుక ఉపరితలం తయారైందనుకొని బర్‌ను మానేసిన మరమ్మతు ఎక్కువకాలం నిలవదు. గాజును నిజంగా కొరికే ఆమ్లం హైడ్రోఫ్లోరిక్. పింగాణీ రేకులను ల్యాబులో తయారుచేసేటప్పుడు దాన్ని వాడతారు, కాంపోజిట్‌లోని గాజు రేణువులనూ అది తినగలదు. అయితే నోట్లో దానితో చెలగాటం పనికిరాదు: చిగురుకో పెదవికో తగిలితే లోతుగా కాలుస్తుంది, ఎనామిల్‌కూ డెంటిన్‌కూ తగిలితే వాటిలోని కాల్షియంతో కలిసి కాల్షియం ఫ్లోరైడుగా పేరుకొని బాండింగ్‌కే అడ్డుపడుతుంది. చిన్ననాడు నీటిలో వచ్చి పంటిని పాడుచేసిన ఫ్లోరిన్‌ను పెద్దయ్యాక సీసాలో తెచ్చి మళ్ళీ అదే పంటి మీద పోయడం ఏ విధంగానూ తెలివైన పని కాదు.

ముందు పంటి మూల విరిగిన ఒక మరమ్మతును దగ్గరగా పరిశీలిస్తే కష్టం ఎక్కడుందో తెలుస్తుంది. మూడు మిల్లీమీటర్లు కూడా లేని ఆ విరిగిన చోట ఒకే ముఖం మీద మూడు రకాల నేలలు పక్కపక్కనే ఉంటాయి: పాత కాంపోజిట్ విరిగిన అంచు, దాని పక్కన ఫ్లోరైడు పెంకుతో ఎనామిల్, కొన్నిసార్లు లోపలివైపు చిటికెడంత డెంటిన్. వైద్యుడు ముందు రబ్బర్ డ్యామ్ బిగించి పంటిని నోటి తడినుంచి వేరుచేస్తాడు. బర్‌తో పాత కాంపోజిట్ అంచును నిటారుగా ఉంచకుండా ఏటవాలుగా చెక్కుతాడు, ఎందుకంటే ఏటవాలు అంచు మీద అతుకుకు ఎక్కువ చోటు దొరుకుతుంది, రంగు కూడా గీత కనబడకుండా కలిసిపోతుంది. అదే బర్‌తో ఎనామిల్ పెంకును కూడా కాస్త గీరుతాడు. ఆమ్లాన్ని ముందు ఎనామిల్ మీద పెట్టి, దాని గడువు చాలావరకు నడిచాక, చివరి పదిహేను సెకన్లకు డెంటిన్ మీదికి జరుపుతాడు. ఎక్కువసేపు ఉంచితే డెంటిన్ నారలు కుప్పకూలిపోతాయి. కడిగి ఆరబెట్టి చూస్తే ఎనామిల్ మీద సున్నపు తెలుపు అంతటా సమానంగా రావాలి. గారపంటి మీద అది మచ్చలుమచ్చలుగా వస్తే, వచ్చిన చోట వదిలి రాని చోట మాత్రమే మళ్ళీ ఆమ్లం పెట్టాలి. పాత కాంపోజిట్ మీద సిలేన్ రాసి ఒక నిమిషం ఆగి గాలితో ఆరబెడతాడు. ఆ తర్వాత బాండింగ్ ద్రవాన్ని అన్నిటిమీదా రుద్ది, దానిలోని ద్రావకం ఎగిరిపోయేదాకా మెల్లగా గాలి ఊది, లైటు వేసి, అప్పుడు గాని కొత్త ముద్దను చేతిలోకి తీసుకోడు. సిలేన్‌ను, టెన్-ఎండీపీ అనే ఫాస్ఫేటు అణువును ఒకే సీసాలో కలిపిన సార్వత్రిక బాండింగ్ ద్రవాలు వచ్చాక కొందరు సిలేన్‌ను విడిగా రాయడం మానేశారు. అదే సీసాలోని ఆమ్లత్వంలో సిలేన్ ఎక్కువకాలం బతకదు కాబట్టి విడిగా రాయడం వృథా అనుకోవడానికి వీల్లేదు. ఇంత సన్నాహానికి పది నిమిషాలు పడితే, ముద్ద పెట్టి ఆకారం దిద్దడానికి అయిదు నిమిషాలు పడుతుంది. కుర్చీలో ఉన్న మనిషి ఆ అయిదు నిమిషాలనే పనిగా లెక్కిస్తాడు.

ఈ సన్నాహాన్ని చెడగొట్టేవి కంటికి కనబడని వస్తువులు. ఆమ్లంతో తెల్లబడిన ఎనామిల్ మీద లాలాజలం ఒక్క చుక్క పడినా దానిలోని మాంసకృత్తులు తెరలా పరచుకొని గదులను మూసేస్తాయి. మళ్ళీ కడిగి, మళ్ళీ కొన్ని సెకన్లు ఆమ్లం పెట్టవలసిందే. గాలి ఊదే కంప్రెసరులో నూనె గాని నీరు గాని చేరితే, శుభ్రం చేస్తున్నామనుకొని ఊదిన గాలే జిడ్డు పూస్తుంది. శుభ్రమైన అద్దం మీద ఊది మరక పడుతుందేమో చూసుకోవడం పైసా ఖర్చు లేని పరీక్ష. పంటినొప్పికి ఇళ్ళలో పెట్టుకునే లవంగ నూనెలో యూజినాల్ అనే పదార్థం ఉంటుంది, తాత్కాలికంగా వేసే జింక్ ఆక్సైడు సిమెంటులోనూ అదే ఉంటుంది. రెజిన్ గొలుసుకట్టును అది మధ్యలోనే తెంపేస్తుంది కాబట్టి ముందురోజు రాత్రి లవంగ నూనె దూది పెట్టుకున్న సంగతి డాక్టరుకు చెప్పడం అవసరం. గారను తెల్లబరచడానికి పెరాక్సైడుతో బ్లీచింగు చేయించుకున్నవారికి పంటిలో చిక్కుకున్న ఆక్సిజన్ వెళ్ళిపోయేదాకా ఒకటి రెండు వారాలు ఆగి గాని అతుకు వేయకూడదు. పెళ్ళి ముహూర్తానికి మూడురోజుల ముందు రెండూ కలిపి చేయమని పట్టుబట్టేవారికి ఈ మాట రుచించదు. ఇక ఎండలు. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఊళ్ళలో, కరెంటు పోతూ వస్తూ ఉండే వేళల్లో, మందుల అలమారులో మిగిలిపోయిన సిలేన్ సీసా తొందరగా చెడుతుంది. మంచి సిలేన్ నీళ్ళలా తేటగా ఉంటుంది. పాలు చిలికినట్టు మసకబారిందంటే దాని అణువులు ఒకదానినొకటి పట్టుకొని గాజును మరచిపోయాయని అర్థం, దాన్ని పారేయాలి. ఎసిటోను కలిసిన బాండింగ్ ద్రవం మూత సరిగా బిగించకపోతే సగం గాలిలో కలిసి, మిగిలింది చిక్కబడి, గదుల్లోకి ఇంకే గుణం పోగొట్టుకుంటుంది. సీసా మీద ముద్రించిన గడువు తయారీదారు చెప్పినట్టు చల్లగా దాచిన సీసాకు వర్తిస్తుంది గాని, ధర్మవరంలోనో కదిరిలోనో ఏప్రిల్ మధ్యాహ్నం బల్ల మీద వదిలేసిన సీసాకు వర్తించదు.

సన్నాహం మొదలయ్యేది బర్ తీసుకున్నప్పుడని అనుకుంటే మాత్రం ఒక మెట్టు తప్పినట్టే. శాశ్వత ముందు పండ్ల ఎనామిల్ పుట్టిన కొద్దినెలల నుంచి నాలుగైదేళ్ళ వయసుదాకా దవడలో దాగి తయారవుతుంది. ఆ ఏళ్ళలో తాగిన నీరు ఏదో ఆ పన్ను ఎప్పటికీ మరచిపోదు, ఆ తర్వాత ఎంత మంచి నీరు తాగినా పెంకు మారదు. 1990ల మధ్యలో శ్రీ సత్యసాయి తాగునీటి పథకం ఏడువందలకు పైగా గ్రామాలకు గొట్టాల ద్వారా నీరందించడం మొదలైన తర్వాత, ఒకే ఊళ్ళో రెండు తరాల పండ్లు రెండు రకాలుగా తయారయ్యే వీలు ఏర్పడింది. గొట్టం నీరు చేరని ఊళ్ళలో, చేరినా పంపు పాడై నెలల తరబడి మళ్ళీ బోరే గతైన ఊళ్ళలో, ఒకే ఇంట్లో అన్నదమ్ముల మధ్య కూడా ఆ తేడా ఉండవచ్చు. అందుకే ఇక్కడ అనుభవమున్న పండ్ల డాక్టరు ఆమ్లపు సిరంజి మూత తీయకముందే కుర్చీలో కూర్చున్నవారిని 'మీది ఏ ఊరు?' అని అడుగుతాడు. అది మాటవరసకు అడిగినట్టే ఉంటుంది. జవాబు విన్నాక మరొకటి అడుగుతాడు: 'చిన్నప్పుడు ఏ నీళ్ళు తాగుతాంటిరి, బోరువా, కొళాయివా?' బోరువని వినిపిస్తే గడియారం మీద అతని లెక్క పదిహేను సెకన్ల దగ్గర ఆగదు.